అల్గారిథమ్స్ కోర్సు రివ్యూ: హోంవర్కులు బంగారం, కానీ దిద్ది ఇచ్చేసరికి మిడ్‌టర్మ్ అయిపోతోంది

ఈ సెమిస్టర్‌లో అల్గారిథమ్స్, అంటే సమస్యల్ని మెట్టు మెట్టుగా తేల్చే పద్ధతుల కోర్సు పూర్తి చేశాను. ఫైనల్ మార్కులు కూడా వచ్చేశాయి కాబట్టి ఇప్పుడు కూర్చుని ప్రశాంతంగా రాయగలుగుతున్నాను. తీసుకుందామా వద్దా అని అడుగుతున్న జూనియర్లు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నాను. లెక్చర్ల గురించి పెద్దగా చెప్పను. ప్రొఫెసర్ గారు బోర్డు మీద నిదానంగా రాస్తూ చెబుతారు, డౌట్ అడిగితే విసుక్కోరు, అంతవరకు చాలు. ఈ కోర్సుని నడిపేది హోంవర్కులు, మిడ్‌టర్మ్‌లు. నేను రాసేది కూడా వాటి గురించే.

ముందు మార్కుల లెక్క చెప్పేస్తాను. మొత్తం 10 హోంవర్కులు, దాదాపు వారానికొకటి, మిడ్‌టర్మ్ ఉన్న వారంలో మాత్రం ఇవ్వరు. రెండు మిడ్‌టర్మ్‌లు, ఒక ఫైనల్. హోంవర్కులన్నీ కలిపి 30 శాతం, ఒక్కో మిడ్‌టర్మ్‌కి 20, ఫైనల్‌కి 30. హోంవర్కుల్లో అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని లెక్కలోంచి తీసేస్తారు, ఒక వారం జ్వరం వచ్చి పడుకున్నా కొంప మునగదు. నేనైతే ఈ కోర్సుకి ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద వివరంగా రాశాను, ఎందుకంటే అది సరిచేయగలిగిన లోపమే, సరిచేస్తే ఇంతకన్నా మంచి కోర్సు మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకోటి ఉండదని నా నమ్మకం.

హోంవర్కు ఎలా ఉంటుందంటే, వారానికి నాలుగు ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకీ మూడు ముక్కలు రాయాలి. అల్గారిథమ్ ఏంటో మామూలు మాటల్లో చెప్పాలి, అది ఎందుకు కరెక్టో రుజువు చేయాలి, ఎంత టైమ్ పడుతుందో లెక్క కట్టాలి. కోడ్ రాయనక్కర్లేదు, రాసినా దానికి మార్కుల్లేవు. అంతకుముందు కోర్సుల్లో టెస్ట్ కేసులన్నీ పాసైతే పని అయిపోయినట్టే అని అలవాటు పడి వచ్చినవాళ్లం కదా, ఇక్కడ "ఎందుకు కరెక్ట్" అన్న ముక్క దగ్గర అందరూ ఆగిపోతారు. నాకు మొదటి వారం అసలు ఏం రాయాలో కూడా తోచలేదు. అల్గారిథమ్ చూస్తే కరెక్టని తెలుస్తూనే ఉంది, మరి దానికి రుజువేంటి అనిపించింది. అలా అనిపించే ప్రతిసారీ ఈ కోర్సు నాకేదో నేర్పబోతోందని తర్వాత తర్వాత అర్థమైంది.

మొదటి హోంవర్కు పైకి తేలిగ్గానే కనిపిస్తుంది, కొన్ని ఫంక్షన్లు ఇచ్చి ఏది వేగంగా పెరుగుతుందో వరసలో పెట్టమంటారు. అందులో ఎన్ (ఇన్‌పుట్ సైజు) ఫ్యాక్టోరియల్‌కి లాగ్ తీస్తే వచ్చేదీ, ఎన్ లాగ్ ఎన్ అనేదీ ఒకే రేటున పెరుగుతాయని చూపించాలి. ఇది సార్టింగ్ (సంఖ్యల్ని వరసలో పెట్టడం) పాఠం వచ్చినప్పుడు మళ్లీ ఎదురవుతుంది, పోలికల మీద ఆధారపడి సార్ట్ చేసే ఏ పద్ధతికైనా అంతకన్నా తక్కువ పోలికలు ఎందుకు సరిపోవో ఈ లెక్క నుంచే వస్తుంది. 2 పవర్ ఎన్, 2 పవర్ 2ఎన్ ఒకటేనని మా క్లాసులో సగం మంది రాశారు. రెండోది 4 పవర్ ఎన్ కదా, ముందుండే 2ని వదిలేసినట్టు పైన పవర్‌లో ఉన్న 2ని వదిలేయకూడదు. ఇలాంటి చిన్న చిన్న ఉచ్చులు ప్రతి ప్రశ్నలోనూ ఉంటాయి, కానీ పడేయాలని పెట్టినవి కావు, ప్రతిదాని వెనకా తర్వాత పాఠంలో అవసరమయ్యే విషయం ఒకటి ఉంటుంది.

రెండో హోంవర్కు రికరెన్స్‌ల మీద, అంటే పెద్ద సమస్య ఖర్చుని దాని ముక్కల ఖర్చుతో చెప్పే సమీకరణాల మీద. వాటికి నేరుగా జవాబిచ్చే మాస్టర్ థీరమ్ నేర్చుకున్నాం కదా, అన్నిటికీ దాన్ని అంటించేద్దామనుకుంటాం. అందుకే అది పనిచేయనిది ఒకటి కావాలని పెట్టారు: సమస్యని సగం సైజువి రెండు ముక్కలు చేసి, కలపడానికి ఎన్ బై లాగ్ ఎన్ ఖర్చయ్యేది. అక్కడ రికర్షన్ చెట్టు (సమస్య ముక్కలయ్యే బొమ్మ) గీసుకుని ఒక్కో వరస ఖర్చు కూడుకుంటూ పోతే 1 ప్లస్ సగం ప్లస్ మూడో వంతు అనే సిరీస్ బయటపడుతుంది, జవాబు ఎన్ లాగ్ లాగ్ ఎన్. అది చేతికి వచ్చిన రాత్రి నాకు నిజంగా నిద్ర పట్టలేదు, అంత సంతోషమేసింది. ఫార్ములా గుర్తుపెట్టుకోవడం వేరు, చెట్టు గీసి చూడటం వేరు అని ఆ ఒక్క ప్రశ్న నేర్పింది.

ఇప్పుడు నేను ఒక స్టార్ తగ్గించిన విషయానికి వస్తాను. అదే హోంవర్కులో ఇంకో ప్రశ్న, సగం సైజువి రెండు ముక్కలు, కలపడానికి 1 మాత్రమే ఖర్చు, ఇది ఎన్‌కి అనులోమంగానే పెరుగుతుందని ఇండక్షన్‌తో (చిన్న సైజులకి నిజమనుకుని పెద్దదానికి చూపించే రుజువుతో) చూపించమన్నారు. నేను "ఖర్చు సీ ఎన్ దాటదు" (సీ ఒక స్థిర సంఖ్య) అని ఊహించుకుని, ముక్కల్లో దాన్ని పెట్టి చూస్తే సీ ఎన్ ప్లస్ 1 వచ్చింది. ఆ 1 ఎంతలే, బిగ్ ఓలో (పెరిగే రేటు మాత్రమే చూసే కొలతలో) పోతుంది కదా అని వదిలేసి "కాబట్టి రుజువైంది" అని రాశాను. ఇది తప్పు. ఇండక్షన్‌లో ఏ మాట అనుకుని మొదలుపెట్టామో సరిగ్గా అదే మాట చివరికి రావాలి, ప్రతి మెట్టుకీ ఒక కొసరు మిగిలిపోతుంటే మెట్లన్నీ ఎక్కేసరికి ఆ కొసర్లన్నీ కలిసి ఎంతవుతాయో ఎవరు చెప్పాలి? సరైన దారి ఏంటంటే ఊహని ఇంకొంచెం బిగించడం, సీ ఎన్ మైనస్ 1 దాటదు అని అనుకుంటే, రెండు ముక్కల్లోనూ 1 చొప్పున తగ్గి, కలిపే ఖర్చు 1 పెరిగి, మళ్లీ సీ ఎన్ మైనస్ 1 దగ్గరికే వచ్చి కూర్చుంటుంది. కానీ నాకు ఇది తెలియదు. నేను రాసిన ఫలితం నిజమే, రుజువే తప్పు, కాబట్టి నాకు అనుమానం వచ్చే అవకాశమే లేదు.

ఆ హోంవర్కు మూడో వారం చివర్లో ఇచ్చాం. మిడ్‌టర్మ్ ఆరో వారం మంగళవారం. దిద్దిన హోంవర్కు మా చేతికి వచ్చింది అదే వారం గురువారం, అంటే పరీక్ష రాసిన రెండు రోజులకి.

మిడ్‌టర్మ్‌లో నాలుగో ప్రశ్న మీడియన్ మీద వచ్చింది. సార్ట్ చేయకుండానే మధ్య సంఖ్యని లీనియర్ టైమ్‌లో (ఎన్‌కి అనులోమంగా) పట్టుకునే పద్ధతి ఒకటుంది, 1973లో బ్లమ్, ఫ్లాయిడ్, ప్రాట్, రివెస్ట్, టార్జన్ అనే ఐదుగురు కలిసి ప్రచురించారు. సంఖ్యల్ని ఐదేసి చొప్పున గుంపులు చేసి, ఒక్కో గుంపు మధ్య సంఖ్యని తీసి, ఆ మధ్య సంఖ్యల మధ్య సంఖ్యని పట్టుకుని దానితో మొత్తాన్ని చీలుస్తారు. ప్రశ్న ఏంటంటే, ఐదేసి బదులు మూడేసి గుంపులు చేస్తే అదే విశ్లేషణతో ఇంకా లీనియర్ వస్తుందా, రుజువుతో చెప్పండి అని. ఎంత మంచి ప్రశ్న చూడండి. క్లాసులో చెప్పినదాన్ని బట్టీ పట్టినవాడికి రాదు, అర్థం చేసుకున్నవాడికి పది నిమిషాల్లో వస్తుంది. ఐదేసి గుంపులైతే ఒక రికర్షన్ ఐదో వంతు మీద, ఇంకోటి ఎక్కువలో ఎక్కువ పదింట ఏడు వంతుల మీద నడుస్తుంది. రెండూ కలిపితే పదింట తొమ్మిది, ఒకటి కన్నా తక్కువ, కాబట్టి ప్రతి వరసకీ పని తగ్గుతూ పోయి మొత్తం లీనియర్ అవుతుంది. మూడేసి గుంపులైతే మూడో వంతు, మూడింట రెండు వంతులు, కలిపితే సరిగ్గా ఒకటి, ఏ వరసలోనూ పని తగ్గదు, ఎన్ లాగ్ ఎన్ వచ్చేస్తుంది.

నేను ఏం చేశానంటే, హోంవర్కులో చేసిన పనే మళ్లీ చేశాను. సీ ఎన్ అని ఊహించాను, సీ ఎన్ ప్లస్ ఎన్ వచ్చింది, అది కూడా ఎన్ రేటేగా అని రాసి, మూడేసి గుంపులతో కూడా లీనియరే అని తేల్చేశాను. హోంవర్కులో ఫలితమైనా నిజం, ఇక్కడ ఫలితమే అబద్ధం. 20 మార్కుల ప్రశ్నకి 6 వచ్చాయి. గురువారం హోంవర్కు తిరిగొచ్చినప్పుడు టీఏ (పేపర్లు దిద్దే టీచింగ్ అసిస్టెంట్) ఎర్ర ఇంకుతో పక్కన ఒకే ఒక్క లైన్ రాశారు: "కొసరు మిగలకూడదు, సరిగ్గా అనుకున్నదే రావాలి. ఊహని బిగించి చూడు." ఎంత శ్రద్ధగా చదివి రాశారో చూస్తేనే తెలుస్తుంది. ఆ లైన్ నాకు మూడు రోజుల ముందు వచ్చి ఉంటే అనుకోని రోజు లేదు. మా హాస్టల్ వింగ్‌లోనే ఇంకో ముగ్గురిది ఇదే కథ.

టీఏల మీద నాకు కోపం లేదు. దాదాపు రెండొందల మంది, ఒక్కొక్కరివి నాలుగేసి ప్రశ్నలు, ప్రతిదాంట్లోనూ రుజువు. కోడ్ అయితే మెషీన్ దిద్దుతుంది, రుజువుని మనిషే చదవాలి, అదీ ఒక్కొక్కరూ ఒక్కో దారిలో రాస్తారు. మూడు వారాలు పట్టడం ఎందుకో నాకు అర్థమవుతుంది. కానీ రుజువు రాయడం నేర్పే కోర్సులో, నా రుజువు ఎక్కడ తెగిందో పరీక్షకి ముందు నాకు తెలియకపోతే హోంవర్కు సగమే పనిచేసినట్టు. మోడల్ సొల్యూషన్లు కూడా దిద్దడం పూర్తయ్యాకే పెట్టేవారు, ఎందుకంటే లేటుగా ఇచ్చేవాళ్లు చూసి రాస్తారని. మొదటి మిడ్‌టర్మ్ తర్వాత మా క్లాసులో కొంతమంది వెళ్లి ప్రొఫెసర్ గారితో మాట్లాడారు, ఆయన విని, ఆరో హోంవర్కు నుంచి గడువు అయిన రెండు రోజులకే సొల్యూషన్లు పెట్టడం మొదలుపెట్టారు, లేటు సబ్మిషన్ ఆ రెండు రోజుల వరకే అన్నారు. ఆ ఒక్క మార్పుతో రెండో మిడ్‌టర్మ్‌కి నేను చదివిన తీరే మారిపోయింది. నా జవాబు పక్కన మోడల్ జవాబు పెట్టుకుని, నాదే నేను ఎర్ర పెన్నుతో దిద్దుకున్నాను. ఈ పద్ధతిని మొదటి వారం నుంచే పెట్టమని నా విన్నపం. అన్ని ప్రశ్నలూ వెంటనే దిద్దలేకపోతే నాలుగింట్లో ఒక్క రుజువు ప్రశ్ననైనా వారంలో దిద్ది ఇస్తే చాలు.

మళ్లీ హోంవర్కుల్లోకి వెళ్తే, మూడోది గుణకారం మీద. రెండు పెద్ద సంఖ్యల్ని చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతిలో గుణిస్తే అంకెల సంఖ్యకి వర్గం అంత పని. 1960లో మాస్కోలో కొల్మగోరోవ్ అంతటి గణితవేత్త అంతకన్నా తక్కువలో కుదరదేమోనని సెమినార్‌లో అంటే, 23 ఏళ్ల విద్యార్థి కరత్సుబా వారం తిరిగేలోపే తక్కువలో చేసి చూపించాడు. నాలుగు గుణకారాలు కావాల్సిన చోట కూడికలు, తీసివేతలు వాడుకుని మూడింటితో సరిపెట్టాడు, పని ఎన్ పవర్ 1.585కి పడిపోయింది. హోంవర్కులో ఆ మూడు గుణకారాలేంటో మమ్మల్నే కనిపెట్టమన్నారు, పేరు చెప్పకుండా. రెండు రోజులు పట్టింది. పేరు చెప్పి ఉంటే వెతికి చూసేసేవాళ్లం, చెప్పకపోవడం చాలా మంచి పని చేశారు.

గ్రీడీ వారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కోర్సులో చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే, అందరికీ తేలికనిపించేదీ ఇదే. చూడగానే మంచిదనిపించినదాన్ని తీసుకుంటూ పోవడమే కదా గ్రీడీ అంటే. 1, 3, 4 విలువల నాణేలతో 6 ఇవ్వాలంటే పెద్దది ముందు తీస్తే 4, 1, 1 అని మూడు నాణేలు, కానీ 3, 3తో రెండే చాలు. అలాగే ఒకే హాలులో ఎక్కువ మీటింగులు పెట్టాలంటే అన్నిటికన్నా చిన్న మీటింగ్‌ని ముందు పెట్టడం కరెక్టనిపిస్తుంది. 1 నుంచి 5, 4 నుంచి 7, 6 నుంచి 10 తీసుకోండి, మధ్యలోది చిన్నది, దాన్ని పెడితే అటూ ఇటూ ఉన్న రెండూ పోతాయి. ముందుగా ముగిసేదాన్ని ముందు తీసుకోవడం పనిచేస్తుంది, అదెందుకో ఎక్స్‌చేంజ్ ఆర్గ్యుమెంట్‌తో చూపించాలి: ఎవరి దగ్గరైనా అత్యుత్తమ జవాబు ఉందనుకో, అందులో మొదటి మీటింగ్‌ని తీసి నాది పెట్టినా దానికి నష్టం లేదు, అలా ఒక్కొక్కటే మార్చుకుంటూ వెళ్తే అది నా జవాబే అయిపోతుంది. ఈ వారం హోంవర్కులో ఆరు గ్రీడీ పద్ధతులిచ్చి ఏవి తప్పో చిన్న ఉదాహరణలతో పడగొట్టమన్నారు. నా దృష్టిలో మొత్తం కోర్సులో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే. నచ్చిన ఆలోచనని నేనే పడగొట్టడానికి కూర్చోవడం అంతకుముందు నాకు అలవాటే లేదు.

ఆ వారమే హఫ్‌మన్ కోడ్ కూడా వస్తుంది. ప్రొఫెసర్ గారు చెప్పేవరకు నాకు తెలియదు, 1951లో ఎంఐటీలో రాబర్ట్ ఫానో తన క్లాసులో ఫైనల్ పరీక్ష రాస్తారా, లేక పేపర్ రాస్తారా అని అడిగితే, డేవిడ్ హఫ్‌మన్ అనే విద్యార్థి పేపర్ ఎంచుకుని, దాని కోసం కనిపెట్టినదే ఇది, 1952లో ప్రచురించాడు. ఎక్కువసార్లు వచ్చే అక్షరానికి చిన్న కోడ్, తక్కువసార్లు వచ్చేదానికి పొడవు కోడ్, చెట్టుని కింది నుంచి పైకి కట్టడం. జిప్ ఫైళ్లలో, జేపెగ్ ఫోటోల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

కలిసి చదువుకోవడం మీద ఇక్కడ రూల్ స్పష్టంగా ఉంది. ముగ్గురి వరకు కలిసి మాట్లాడుకోవచ్చు, ఎవరితో మాట్లాడారో పైన పేర్లు రాయాలి, జవాబు మాత్రం ఎవరికి వారే, ఇంకొకరి కాగితం ముందు పెట్టుకోకుండా రాయాలి. మేం ముగ్గురం దీనికి ఇంకొకటి కలుపుకున్నాం. బోర్డు మీద ఎంతసేపైనా కొట్టుకుంటాం, లేచేటప్పుడు బోర్డు తుడిచేసి, ఫోటో తీయకుండా వెళ్లిపోతాం. గంట తర్వాత గదిలో కూర్చుని రాస్తే అప్పుడు తెలుస్తుంది నాకు నిజంగా అర్థమైందా లేక పక్కవాడు చెబుతుంటే తల ఊపానా అని. మొదటి మూడు వారాలు సగం ప్రశ్నలకి తల ఊపడమే అని తేలింది. నెట్‌లోంచో, చాట్‌బాట్‌ని అడిగో రాసేసేవాళ్లు కూడా ఉన్నారు, దాచేదేముంది. వాళ్లకి హోంవర్కుల్లో నిండుగా మార్కులొచ్చాయి, మిడ్‌టర్మ్ హాలులో మాత్రం చేతిలో పెన్ను కదల్లేదు. 30 శాతం కోసం 70 శాతాన్ని వదులుకోకండి.

ఇంకో రూల్ నాకు చాలా నచ్చింది. హోంవర్కులో అయినా పరీక్షలో అయినా ఒక ప్రశ్నకి "నాకు తెలియదు" అని రాసి వదిలేస్తే నాలుగో వంతు మార్కులు ఇస్తారు. తోచినదల్లా రెండు పేజీలు నింపితే సున్నా కూడా రావచ్చు. మొదట్లో ఇదేంటి అనిపించింది, తర్వాత దీని విలువ తెలిసింది. తెలిసిందేదో తెలియనిదేదో నాకు నేను తేల్చుకోవడం రుజువు రాయడంలో మొదటి మెట్టు కదా. పైగా దిద్దేవాళ్లకి చెత్త చదివే బాధ తప్పుతుంది, ఆ టైమ్ నిజంగా ప్రయత్నించినవాళ్ల పేపర్లకి దొరుకుతుంది.

మిడ్‌టర్మ్‌లు రెండూ 80 నిమిషాలు, ఐదు ప్రశ్నలు, 100 మార్కులు. చేత్తో రాసుకున్న ఏ4 కాగితం ఒకటి, రెండు వైపులా, లోపలికి తీసుకెళ్లొచ్చు. ఆ కాగితం తయారు చేసుకోవడమే సగం చదువు, సీనియర్ల దగ్గర జిరాక్స్ తీసుకుని కూర్చోకండి, అసలు చేత్తోనే రాయాలి, చూస్తారు. ప్రశ్నల నాణ్యత మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. టైమ్ మీద ఉంది. ఐదింట్లో మూడింటికి కొత్తగా ఆలోచించాలి, ఒక్కోదానికి 16 నిమిషాలు, అందులోనే అల్గారిథమ్ తట్టాలి, రుజువు రాయాలి, టైమ్ లెక్క కట్టాలి. హోంవర్కులో రెండు రోజులు నిదానంగా ఆలోచించమని నేర్పి, పరీక్షలో 16 నిమిషాల్లో తేల్చమనడం వేరే నైపుణ్యాన్ని కొలిచినట్టు ఉంటుంది. నాలుగు ప్రశ్నలు చేసినా, లేదా ఇంకో అరగంట ఇచ్చినా అదే పేపర్ ఎంతో మెరుగ్గా ఉండేది. టెన్షన్‌లో తెలిసినదే రాయలేక బయటికొచ్చి ఏడ్చినవాళ్లని చూశాను, వాళ్లు క్లాసులో నాకన్నా బాగా చెప్పేవాళ్లు.

రెండో మిడ్‌టర్మ్‌లో మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. గ్రాఫ్‌లో (బిందువులు, వాటిని కలిపే అంచులు) ప్రతి అంచు బరువుకీ ఒకే సంఖ్య కలిపితే మినిమమ్ స్పానింగ్ ట్రీ (అన్ని బిందువుల్నీ అతి తక్కువ బరువుతో కలిపే చెట్టు) మారుతుందా? షార్టెస్ట్ పాత్ మారుతుందా? రెండు లైన్లలో కారణం చెప్పండి. స్పానింగ్ ట్రీ మారదు, ఎందుకంటే ఏ చెట్టు తీసుకున్నా అంచుల సంఖ్య ఒకటే, అందరికీ ఒకే మొత్తం పెరుగుతుంది. దారి మారొచ్చు, ఎక్కువ అంచులున్న దారికి ఎక్కువ పెరుగుతుంది. దీని వెనకే ఇంకో విషయం ఉంది. షార్టెస్ట్ పాత్ కనుక్కునే డైక్‌స్ట్రా అల్గారిథమ్ మైనస్ బరువులుంటే పనిచేయదని అందరికీ తెలుసు, 1959 నాటి పేపర్ అది. అయితే మైనస్‌లు పోయేలా అన్నిటికీ ఒక సంఖ్య కలిపేసి నడిపితే సరిపోదా అని ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఏ నుంచి సీకి నేరుగా 2, ఏ నుంచి బీకి 3, బీ నుంచి సీకి మైనస్ 2 పెట్టి చూడండి. బీ మీదుగా వెళ్తే 1, అదే తక్కువ. అన్నిటికీ 2 కలిపితే నేరుగా 4, బీ మీదుగా 5. దారి మారిపోయింది. ఇది ఏడో హోంవర్కులో చేశాం, సొల్యూషన్ కూడా టైమ్‌కి వచ్చింది, మిడ్‌టర్మ్‌లో మూడు నిమిషాల్లో రాసేశాను.

డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో (చిన్న ముక్కల జవాబుల్ని టేబుల్‌లో దాచుకుని పెద్దదాన్ని కట్టే పద్ధతిలో) మార్కులు ఎక్కడ ఇస్తారో తెలుసుకుంటే చాలా మేలు. టేబుల్ నింపే లూపుల కన్నా ముందు, ఆ గడిలో ఉన్న సంఖ్యకి అర్థమేంటో ఒక్క పూర్తి వాక్యంలో రాయాలి. రెండు పదాల మధ్య ఎడిట్ డిస్టెన్స్ అయితే "మొదటి పదంలో తొలి ఐ అక్షరాల్ని రెండో పదంలో తొలి జే అక్షరాలుగా మార్చడానికి కావాల్సిన కనీస మార్పులు" అని. ఆ వాక్యం లేకపోతే కింద రికరెన్స్ ఎంత అందంగా రాసినా సగం మార్కులు పోతాయి. మొదట కఠినంగా అనిపిస్తుంది కానీ ఆ వాక్యం సరిగ్గా రాయగలిగితే రికరెన్స్ దానంతటదే వస్తుంది, రాయలేకపోతే లూపుల్లో కొట్టుకుపోతాం. నేను రెండో మిడ్‌టర్మ్‌కి ముందు పది పాత సమస్యలకి ఆ ఒక్క వాక్యం మాత్రమే రాసి ప్రాక్టీస్ చేశాను, ఇంకేమీ చేయలేదు. 100కి 84 వచ్చాయి, మొదటిదాంట్లో 58.

దిద్దే తీరులో ఒక తేడా ఉంది, చెప్పాలి. ఒక్కో ప్రశ్నని ఒక్కో టీఏ దిద్దుతారు, అది మంచిదే, అందరికీ ఒకే కొలత. కానీ హోంవర్కుల్లో ఒకే ప్రశ్నని ఇద్దరు పంచుకున్నప్పుడు ఒకరు చిన్న తప్పుకి రెండు తీస్తే ఇంకొకరు ఐదు తీశారు. రీగ్రేడ్ అడగొచ్చు, వారం గడువు ఉంటుంది, ఎక్కడ ఎందుకు మార్కు రావాలో రాతపూర్వకంగా ఇవ్వాలి. నేను ఒకసారి అడిగాను, మూడు మార్కులు వచ్చాయి, ఒక్క మాట అనలేదు.

ఆఫీస్ అవర్స్‌కి గడువు ముందు రోజు వెళ్లకండి, క్యూ తలుపు బయటిదాకా ఉంటుంది, మీ వంతు వచ్చేసరికి ఐదు నిమిషాలు దొరుకుతాయి. హోంవర్కు ఇచ్చిన రెండో రోజు వెళ్తే టీఏ ఒక్కరే కూర్చుని ఉంటారు, జవాబు చెప్పరు కానీ "ఎన్ 1 అయితే ఏమవుతుంది, 2 అయితే?" అని అడుగుతూ మీతోనే చెప్పిస్తారు. అలా దొరికిన గంట ఏ లెక్చర్‌కీ తీసిపోదు.

చివరి రెండు హోంవర్కులు ఎన్‌పీ కంప్లీట్‌నెస్ మీద, అంటే వేగంగా తేల్చే దారి ఇంతవరకు ఎవరికీ దొరకని ఒక రకం సమస్యల మీద. అలాంటి మొదటి సమస్యని 1971లో కుక్ చూపించారు, 1972లో కార్ప్ 21 సమస్యలు అలాంటివేనని చూపించారు. ఇక్కడ అందరం చేసే తప్పు ఒకటే, రిడక్షన్ దిశ. మన సమస్య కష్టమైనదని చూపించాలంటే, ముందే కష్టమని తెలిసినదాన్ని మన సమస్యగా మార్చాలి, మనదాన్ని దానిగా మారిస్తే ఏమీ రుజువు కాదు. నా ఏ4 కాగితం మీద పైనే పెద్ద బాణం గీసి పెట్టుకున్నాను. ఈ భాగాన్ని మాత్రం మాకు ఆఖరి రెండు వారాల్లో హడావిడిగా లాగించేశారు, ఇంకో వారం ఉండాల్సింది. ఫైనల్ పేపర్ మిడ్‌టర్మ్‌ల లాంటిదే, మూడు గంటలు, టైమ్ సరిపోయింది.

తీసుకోబోయేవాళ్లకి ఒక మాట. డేటా స్ట్రక్చర్స్ కన్నా డిస్క్రీట్ మ్యాథ్స్ ఇక్కడ ఎక్కువ అవసరం. ఇండక్షన్ ఒక్కటి సరిగ్గా, పైన చెప్పిన కొసరు విషయంతో సహా, సెమిస్టర్ మొదలవకముందే చూసుకోండి. ప్రాబబిలిటీ మర్చిపోయి ఉంటే హ్యాషింగ్ (కీ నుంచి లెక్కకట్టి టేబుల్‌లో గడి కేటాయించడం) వారం ఇబ్బంది పడతారు. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగం కన్నా ఎక్కువ ఎందుకో లెక్క కట్టగలిగితే సరిపోతుంది, హ్యాష్ టేబుల్ నిండకముందే రెండు కీలు ఒకే గడిలో ఎందుకు పడతాయన్నదీ ఆ లెక్కే. ఆ వారం హోంవర్కు ఇచ్చిన రోజే మొదలుపెట్టండి, అన్నిటికన్నా పొడవైనది అదే.